రిజిస్టరులో దాచిన కార్డు

కొత్తగా చేరిన స్పెషల్ టీచర్లకి శిక్షణ పెట్టినప్పుడల్లా ఒక పూట నన్ను మాట్లాడమంటారు. ఇన్నేళ్ల సర్వీసు కదా, నాలుగు పనికొచ్చే ముక్కలు చెబుతానని వాళ్ల నమ్మకం. చెబుతాను కూడా. మాటలు రాని పిల్లని గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టకండి, వచ్చేపోయేవాళ్లని చూస్తూ పని మీద మనసు పెట్టదు, గోడకి వీపు ఆనేలా కూర్చోబెట్టండి అంటాను. రోజంతా ఏం జరగబోతోందో బొమ్మలు గీసి వరసగా గోడకి తగిలించమంటాను. అయిపోయిన పని బొమ్మని పిల్లల చేతే తీయించి డబ్బాలో వేయిస్తే సగం గొడవలు ఉండవంటాను. ఒక మాట చెప్పాక మనసులో పది లెక్కపెట్టేదాకా రెండో మాట ఎత్తొద్దంటాను. వాళ్లు రాసుకుంటారు. కొందరు ఫోనులో రికార్డు కూడా చేసుకుంటారు.

చివర్లో ‘చాలు’ కార్డు గురించి చెబుతాను. అది పిల్ల చేతికి అందేచోట ఉండాలి, ఎవరొచ్చినా సరే ఉండాలి అని రెండుసార్లు అంటాను. ఆ మాట దగ్గర నా గొంతు మారుతుందట. అంత గట్టిగా ఎందుకు చెబుతున్నారు మేడమ్ అని ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. అనుభవం మీద చెబుతున్నానమ్మా అని దాటేశాను. ఏ అనుభవమో చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన మా సెంటరు నూజివీడుకీ ఆగిరిపల్లికీ మధ్యన ఒక ఊళ్లో, హైస్కూలు ఆవరణలో చివరి గది. ఒకప్పుడు సైన్సు సామాన్లు పెట్టుకునేవాళ్లట. నేను నూజివీడు నుంచి స్కూటీ మీద వెళ్లేదాన్ని. దారి పొడుగునా రెండు వైపులా మామిడితోటలే. రిజిస్టరులో తొమ్మిదిమంది పిల్లలు, వచ్చేది ఐదారుగురు, సాయానికి ఒక ఆయా. ఆ గదిలో ఫ్యాను టకటకమని కొట్టుకునేది. అది బాగుచేయించడానికి నేను హెడ్మాస్టరు గారి చుట్టూ నెల తిరిగాను. ఫ్యాను చప్పుడుకి పిల్లలు ఏడుస్తారా అని ఆయన నవ్వారు. ఏడుస్తారండీ, కావాలంటే ఒక పూట వచ్చి మీరే కూర్చోండి అన్నాను. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నా నోరు అలాంటిది. ఆ నోరు ఎక్కడ లేవాలో అక్కడ లేవలేదు, అదే నా బాధ.

ఆ పిల్లకి అప్పుడు పదేళ్లు. మాటలు లేవు. వాళ్లమ్మ తోటల్లో కూలిపనికి వెళ్లేది. సీజనులో మాత్రం కాయలు సైజుల వారీగా ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పని. బడి లేని రోజు పిల్లని కూడా షెడ్డుకి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకునేది. కొంగు చివర పట్టుకుని నడిచొచ్చే ఆ పిల్ల ఎడమ మణికట్టు మీద నల్లగా కాయ కాసినట్టు ఒక మచ్చ ఉండేది. భరించలేనిది ఏదొచ్చినా, చప్పుడైనా, ఎక్కువసేపు చేయించిన పనైనా, అక్కడ కొరుక్కునేది. రక్తం వచ్చినా వదిలేది కాదు. ఇంక నావల్ల కాదని చెప్పడానికి ఆ పిల్ల దగ్గర ఉన్నది ఆ పళ్లూ ఆ చెయ్యీ మాత్రమే.

అందుకని కార్డు చేశాను. అరచెయ్యంత అట్టముక్క, దాని మీద ఎర్రగా చాచిన చెయ్యి బొమ్మ, పైన ప్లాస్టిక్ కవరు. బల్ల పక్కన గోడకి మేకు కొట్టి, పిల్లకి అందే ఎత్తులో తగిలించాను. ఆయా వెనక కూర్చుని పిల్ల చెయ్యి పట్టి ఆ కార్డు తీయించి నా చేతిలో పెట్టించేది. పెట్టిన మరుక్షణం నేను చేయిస్తున్న పని ఆపేసేదాన్ని. ఇంకొక్కటి చేసెయ్ అనకూడదు, శభాష్ అని పొగడకూడదు, ఊరికే ఆపెయ్యాలి. ఆ తరవాత కార్డు మళ్లీ మేకుకి తగిలించాలి. మూడు వారాలు ఇదే పని. ఒకరోజు పూసలు గుచ్చిస్తుంటే, ఆయా చెయ్యి వెయ్యకుండానే, పిల్ల తనే కార్డు తీసి నా చేతిలో పెట్టింది. నేను పూసల పళ్లెం పక్కకి జరిపాను. పిల్ల నా మొహం చూసింది, పళ్లెం చూసింది, మళ్లీ నా మొహం చూసింది. నిజంగానే ఆపానా అని చూసుకుంది కాబోలు. నేను టీ తాగొస్తానని చెప్పి బయటికి వెళ్లి ఏడ్చాను.

మొదట్లో పూటకి ఇరవైసార్లు ఇచ్చేది. పలక ముట్టుకుంటే కార్డు, పెన్సిలు చూస్తే కార్డు. ఇదేం చదువండీ, పిల్ల హాయిగా పని ఎగ్గొడుతోంది అని ఆయా నన్ను ఆటపట్టించేది. ఎగ్గొట్టనీ, ముందు మనల్ని నమ్మనీ అన్నాను. దసరా సెలవులనాటికి కొరుక్కోవడం ఆగింది. జనవరిలో, తోటలు పూత మీద ఉన్నప్పుడు, పూటకి ఒకటి రెండుసార్లు నిజంగా అవసరమైతేనే ఇచ్చేది. మణికట్టు మీద కొత్త చర్మం వచ్చింది. వాళ్లమ్మ ఆ చెయ్యి నాకు తిప్పి తిప్పి చూపించేది. ఇంట్లోకి కూడా ఒక కార్డు లామినేషన్ చేయించి ఇస్తానని మొదట్లోనే అన్నాను. మర్చిపోయాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

మార్చిలో పై ఆఫీసు నుంచి నలుగురు వస్తున్నారని కబురొచ్చింది. మండలంలో మంచి సెంటరు ఏదంటే మాదే చెప్పారట. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. గదికి సున్నం వేయించాను, గోడ మీది బొమ్మలన్నీ కొత్తగా గీశాను. ఏం చూపించాలని ఆలోచిస్తే ఆ పిల్లే గుర్తొచ్చింది. షెడ్డులో తల్లి పక్కన కూర్చుని చూసీ చూసీ ఆ పిల్లకి సైజులు కళ్లకి పట్టేశాయి. ఎన్ని కాయలు పోసినా చిన్నవీ మధ్యరకమూ పెద్దవీ విడదీసి మూడు ట్రేలలో పెట్టేది, ఒక్కటి తప్పేది కాదు. తోటలో గాలికి రాలిన పిందెలు తెచ్చిపెట్టమని వాళ్లమ్మకి చెప్పాను. ఆవిడ మర్నాడే ఒక గోతాం సగానికి తెచ్చింది. మా పిల్ల ఆఫీసర్లకి చూపిస్తదా అండీ అని అడిగి, తలకి నూనె రాసి, ఉన్నవాటిలో మంచి గౌను వేసి పంపింది.

వాళ్లు రాబోయే ముందు గదంతా ఒకసారి చూసుకున్నాను. మేకుకి కార్డు వేలాడుతోంది. పని మధ్యలో కార్డిచ్చి లేచిపోతే నలుగురి ముందూ బాగుండదు కదా అనిపించింది. ఒక్క గంట, అనుకున్నాను. కార్డు తీసి హాజరు రిజిస్టరులో పెట్టి, రిజిస్టరు బల్ల మీదే ఉంచాను. పిల్ల నన్ను చూస్తూనే ఉంది.

వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పిల్ల పిందెలు ఏరుతుంటే ముచ్చటపడ్డారు. ఒకాయన వీడియో తీశారు. సరిగ్గా రాలేదు, ఇంకోసారి అన్నారు. ఏరిన పిందెలన్నీ కలిపేసి మళ్లీ పోశాను. వెలుతురు అటునుంచి వస్తే బాగుంటుందని మూడోసారి. హెడ్మాస్టరు గారు పక్కన నిలబడతానని నాలుగోసారి. నాలుగోసారి పోసినప్పుడు పిల్ల గోడ వైపు చెయ్యి చాపింది. మేకు ఖాళీగా ఉంది. వేళ్లతో మేకుని తడిమింది. తరవాత బల్ల మీదికి వంగి, రిజిస్టరు అట్ట అంచుని ఒక వేలితో పైకెత్తింది.

నేను రిజిస్టరు మీద చెయ్యి పెట్టి నొక్కాను.

నొక్కి, వచ్చినవాళ్ల వైపు తిరిగి నవ్వాను. పిల్ల వేలు తీసేసింది. నా మొహం చూసింది. కొరుక్కోలేదు, ఏడవలేదు. నాలుగోసారీ ఏరింది, ఐదోసారీ ఏరింది, ఒక్కటి తప్పు లేకుండా. వాళ్లు చప్పట్లు కొట్టారు. మా గదిలో చప్పట్లు కొట్టకూడదు, చేతులు గాల్లో ఊపాలి, అది నేను పెట్టిన నియమమే. చెప్పడానికి నాకు గుర్తు రాలేదు. పిల్ల చెవులు మూసుకుని బల్ల కిందికి వెళ్లిపోయింది. సిగ్గు పడుతోంది అన్నారెవరో. నేను అవునన్నట్టు తలూపాను.

వాళ్ల కారు గేటు దాటగానే కార్డు తీసి మేకుకి తగిలించాను. అంతటితో సర్దుకుంటుందనుకున్నాను. మర్నాడు పిల్ల ఆ మేకు వైపు చూడలేదు. ఆ తరవాత కూడా చూడలేదు. ఆయా వెనక నుంచి చెయ్యి పట్టి తీయించబోతే వేళ్లు ముడుచుకునేది. వారం తిరిగేసరికి మణికట్టు మీద మళ్లీ పళ్ల గాట్లు. ఎనిమిది నెలలు పట్టి ఇచ్చిన ఒక్క మాటని నేను ఒక్క పూటలో లాగేసుకున్నాను. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ఉన్నానంతే. ఆయాకి కూడా తెలుసు. ఆవిడ నన్ను ఆటపట్టించడం మానేసింది.

ఇంతవరకైతే తప్పు చేశాననుకుని ఊరుకునేదాన్నేమో. ఏప్రిల్ మొదట్లో, ఒంటిపూట బడి వదిలాక, వాళ్లమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మళ్లీ ఎందుకు కొరుక్కుంటోందండీ అని నెమ్మదిగా అడిగింది. నిలదీయలేదు, జ్వరం ఎందుకొచ్చిందని డాక్టరుని అడిగినట్టే అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. బదులుగా నాకు కోపం వచ్చింది.

"ఇంట్లో నువ్వు కార్డు వాడట్లేదమ్మా, అందుకే మర్చిపోయింది. నేనొక్కదాన్నే ఇక్కడ ఎంతని నేర్పను? రేపు సీజను మొదలైతే షెడ్డులో పడేస్తావు, ఉన్నది కూడా పోతుంది. ఇలాగైతే పిల్లని ఇంటి దగ్గరే ఉంచుకోమని రాయాల్సొస్తుంది."

ఇంటికిస్తానన్న కార్డు నేను ఇవ్వనేలేదన్న సంగతి, ఇంత మాట అంటున్నప్పుడు, నాకు గుర్తు కూడా లేదు. ఆవిడ తల దించుకుని, తప్పేనండీ, చూసుకుంటానండీ అంది. అలా అంటుంటే నాకు ఊరటగా అనిపించింది. నా తప్పు ఒకళ్లు మోస్తామని ముందుకొస్తే తేలికపడ్డ మనిషిని నేను.

వేసవి సెలవులిచ్చారు. మే నెలలో ఒక ఉదయం పచ్చడికి కాయలూ, తినడానికి బంగినపల్లి పళ్లూ కొనుక్కుందామని మా ఆయనా నేనూ ఆగిరిపల్లి వైపు ఒక తోట దగ్గరికి వెళ్లాం. షెడ్డులో ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. ఆ పిల్ల తల్లి ఉంటుందేమోనని చూశాను. లేదు. అడిగితే ఒకావిడ చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

"ఈ సీజనుకి రానందండీ. పిల్లకి ఇంటికాడ కార్డులు నేర్పాలంట. బడి మేడమ్ గారు అట్టా చెప్పారంట."

ఆ మేడమ్ గారు నేనేనని ఆవిడకి తెలియదు. తెలిసినా అదే మాట అనేదేమో. మిగతా రోజుల కూలి ఎంతని, ఏడాదికి ఆ రెండు నెలల పనే వాళ్లకి అసలు ఆధారం. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన్ని కాయలు చూస్తూ ఉండమని చెప్పి ఊళ్లోకి వెళ్లాను. ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. ఏడాదిగా ఆ పిల్ల నా గదికి వస్తోంది, నేను ఒక్కసారి కూడా వాళ్లింటికి వెళ్లలేదు.

నన్ను చూసి ఆవిడ కంగారుగా కుర్చీ తుడిచి వేసింది. రేకుల ఇల్లు, ముందు చిన్న పంచ. పిల్ల పంచలో గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. నేను చెప్పినట్టే. గుమ్మం పక్కన గోడకి, పిల్లకి అందే ఎత్తులో ఒక మేకు. దానికి వేలాడుతున్నది మామిడికాయల పెట్టె నుంచి కత్తిరించిన అట్టముక్క. బొగ్గుతో పిల్ల చెయ్యే పెట్టి చుట్టూ గీసినట్టున్నారు, చిన్న చెయ్యి. అట్ట అంచులు వాడి వాడి మెత్తబడ్డాయి.

ఇది ఎప్పుడు చేశావని అడిగాను. దసరా ముందేనండీ అంది. మీరు పనుల్లో ఉంటారు, అడగడం ఎందుకులే అని నేనే గీశానంది. ఇస్తోందా అన్నాను.

"నాకిస్తానే ఉందండీ. ఎప్పుడూ మానలేదు. మా అత్తకీ ఇస్తది, పక్కింటోళ్లకీ ఇస్తది. మీకే ఇవ్వట్లేదు. మీతో అట్టా అంటే బాగోదని చెప్పలేదండీ."

నేను కేకలేస్తున్నప్పుడు ఆ కార్డు వాళ్లింట్లో మేకుకి వేలాడుతూనే ఉంది. అది తెలిసి కూడా ఆవిడ తప్పేనండీ అంది. మరి పని ఎందుకు మానేశావని అడిగాను. జూన్‌లో బడి తెరిచేసరికి కొత్తవాళ్లకి కూడా ఇవ్వడం అలవాటైతే, మీకూ ఇస్తదేమోనని, రోజూ ఒకళ్లని ఇంటికి పిలిచి ఇప్పిస్తున్నానని చెప్పింది. ఇంటి దగ్గరే ఉంచుకోమని రాయొద్దండీ అని కూడా అంది.

తరవాత, డాక్టరు దొరికినప్పుడే అడిగేయాలన్నట్టు, ఇంకో మాట అడిగింది. ఈ మధ్య పిల్ల ఒక ఆట ఆడుతోందట. కార్డు తీసి పెట్టె మూత కింద పెడుతుందట. మూత మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి, వాళ్లమ్మ మొహం కేసి చూసి నవ్వుతుందట. నవ్వు కూడా మామూలుగా ఉండదట, పళ్లన్నీ కనబడేలా.

"అదేం ఆటో నాకు తెలవట్లేదండీ. మీకేమన్నా తెలుసా?"

నాకు తెలుసు. ఆ నవ్వు నాది. మాటలు లేవని నేను రాసిపెట్టిన పిల్ల, ఆ రోజు జరిగిందంతా చెయ్యితోనూ మొహంతోనూ పూస గుచ్చినట్టు చెబుతోంది. అక్కడ కూర్చోలేకపోయాను, లేవనూ లేకపోయాను. చెప్పాను. ఆ రోజు కార్డు నేనే తీసేశానమ్మా, రిజిస్టరులో పెట్టాను, పిల్ల తీసుకోబోతే దాని మీద చెయ్యేసి నొక్కాను, అది మర్చిపోలేదు, నువ్వేమీ తప్పు చెయ్యలేదు, తప్పంతా నాదే అన్నాను.

ఆవిడ నా మొహం చూడకుండా, కొంగుతో పిల్ల మూతి తుడుస్తూ అంది.

"అంతమంది పెద్దోళ్లు వచ్చారు కదండీ. మీరు మాత్రం ఏం చేస్తారు?"

తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. కాదమ్మా, అలా అనకు, అని మొదలుపెట్టాను. పెద్దవాళ్లు వచ్చారని కాదు, నాకు పేరు రావాలని చేశానని చెప్పబోయాను. జూన్‌లో పిల్లని తప్పకుండా పంపమని చెప్పాలి, నువ్వు రేపే పనికి వెళ్లమని చెప్పాలి, క్షమించమని అడగాలి. ఎన్నో ఉన్నాయి. నా గొంతు పెరిగింది కాబోలు. మాట మధ్యలో ఉండగా నా ఒళ్లో ఏదో పడింది.

పిల్ల నా ఎదురుగా నిలబడి ఉంది. నా ఒళ్లో బొగ్గుతో గీసిన చిన్న చెయ్యి ఉంది. పిల్ల నా మొహం చూస్తోంది, పూసల పళ్లెం జరిపిన రోజు చూసినట్టే.

కొంచెం కూర్చోండి మేడమ్, ఇప్పుడే టీ పెడతానని వాళ్లమ్మ లేవబోయింది. నేను వద్దని చేత్తో సైగ చేశాను. ఇంకొక్క మాట అనకూడదు. అది నేను పెట్టిన నియమమే. లేచి కార్డు తీసుకెళ్లి గుమ్మం పక్కన మేకుకి, పిల్లకి అందే ఎత్తులో తగిలించాను. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

అడగాల్సిన క్షమాపణ నోట్లోనే ఉంది. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు. పిల్ల నన్ను చూస్తూ ఉంటుందని తెలుసు, నిజంగానే వెళ్తున్నానా లేదా అని.